ఎనిమిది గ్రూపుల పట్టికా, పద్దెనిమిది గ్రూపుల పట్టికా?

ప్రశ్న: నేను తెలుగు మాధ్యమంలో పదో తరగతి చదివి చాలా ఏళ్లయింది. అప్పటి ఆవర్తన పట్టికలో ఎనిమిది గ్రూపులు, వాటిలో ఏ, బీ అనే ఉపగ్రూపులు, చివర సున్నా గ్రూపు ఉండేవి. ఇప్పుడు మా అబ్బాయి పుస్తకంలో పద్దెనిమిది గ్రూపులున్నాయి. ట్యూషన్‌లో వాడి చేత మూలకాల పేర్లు వరసగా వల్లె వేయిస్తున్నారు. గుక్క తిప్పుకోకుండా అప్పజెబుతాడు గాని, సోడియంను లిథియం కిందనే ఎందుకు పెట్టారంటే తెల్లమొహం వేస్తాడు. అయోడిన్ కన్నా బరువైన టెల్లూరియం దానికంటే ముందెందుకు వచ్చిందని వాడు అడిగితే నేను చెప్పలేకపోయాను. మేము చదివింది తప్పా? ఈ పాఠం వాడి చేత ఎలా చదివించాలి?
— ఒక పాఠకుడు, విజయనగరం

సమాధానం:

మీరు చదివింది తప్పు కాదు. మీ అబ్బాయి చదువుతున్నదీ కొత్త శాస్త్రం కాదు. రెండు పట్టికల్లోనూ మూలకాల వరస ఒక్కటే. ఆ వరసను ఎక్కడ తెంపి కింది వరసలోకి దించాలన్న దగ్గరే తేడా వచ్చింది.

ఎనిమిది గ్రూపుల పద్ధతి రష్యా రసాయన శాస్త్రవేత్త మెండలీఫ్ 1871లో ప్రకటించిన పట్టిక నుంచి వచ్చింది. ఒక మూలకం అత్యధికంగా ఎంత ఆక్సిజన్‌తో కలుస్తుందో చూసి ఆయన దాని గ్రూపును నిర్ణయించాడు. ఆ లెక్క ప్రకారం సంయోజకత (ఇతర మూలకాలతో కలిసే సామర్థ్యపు లెక్క) ఒకటిగా ఉన్నవన్నీ ఒకటో గ్రూపులో చేరాయి. పొటాషియం అక్కడే, రాగి కూడా అక్కడే. నీటిలో పడితే భగ్గుమనే పొటాషియంను, తరతరాలుగా నీళ్ల బిందెలు చేసుకుంటున్న రాగిని ఒకే గూటిలో ఉంచితే అందులో ఏదో ఇమడడం లేదని ఎవరికైనా అనిపిస్తుంది. ఆ ఇబ్బందిని సర్దడానికి పుట్టినవే మీరు చదివిన 1ఏ, 1బీ ఉపగ్రూపులు. తరువాత వచ్చిన విస్తృత పట్టికలో రాగి, ఇనుము, జింకు వంటి లోహాలను ప్రధాన గ్రూపుల నుంచి విడదీసి, మధ్యలో పది నిలువు వరసలుగా పరిచారు. అటు రెండు, ఇటు ఆరు ప్రధాన గ్రూపులు, నడుమ ఈ పది. మొత్తం పద్దెనిమిది అలా వచ్చాయి. ఉపగ్రూపుల పేర్ల విషయంలో అమెరికా, ఐరోపా దేశాల మధ్య కూడా ఏకాభిప్రాయం లేదు. అమెరికన్లు 3ఏ అనే బోరాన్ గ్రూపును ఐరోపావారు 3బీ అనేవారు. ఈ గందరగోళం వదిలించడానికే రసాయన శాస్త్రజ్ఞుల అంతర్జాతీయ సంస్థ ఐయూపీఏసీ ఏ, బీలను తీసేసి 1 నుంచి 18 వరకు వరస సంఖ్యలను 1988లో సిఫారసు చేసింది. మీరు బోరాన్‌ను 3ఏ అని చదివి ఉంటే, మీ 1ఏ, 2ఏ ఇప్పటి 1, 2 గ్రూపులు. మీ 3ఏ నుంచి 7ఏ వరకు ఇప్పటి 13 నుంచి 17. సున్నా గ్రూపు ఇప్పటి 18. మీ చదువును అబ్బాయి పుస్తకంతో కలుపుకోవడానికి ఈ మాత్రం చాలు.

ఇక అసలు ప్రశ్న సోడియం గురించి. మీ అబ్బాయి వల్లె వేస్తున్న క్రమం అడ్డం వరసలది. ఆ క్రమంలో లిథియం తరువాత బెరీలియం, సోడియం తరువాత మెగ్నీషియం వస్తాయి. లిథియంకు సోడియంతో ఉన్న బంధుత్వం మాత్రం ఎనిమిది పేర్ల దూరాన మరుగున పడిపోతుంది. ఈ పట్టికలో విషయమంతా నిలువు వరసల్లోనే ఉంది కాబట్టి, నా సలహా ఏమిటంటే, ముందుగా ఒకే ఒక నిలువు వరసను తీసుకుని దాన్ని పూర్తిగా చదివించండి.

మొదటి గ్రూపునే చూడండి. లిథియం, సోడియం, పొటాషియం మూడూ కత్తితో కోయగలిగినంత మెత్తని లోహాలు. కోసినచోట వెండిలా మెరిసి, గాలి తగలగానే మసకబారతాయి. మూడూ నీటితో చర్య జరిపి హైడ్రోజన్‌ను విడుదల చేస్తాయి, మిగిలిన ద్రావణం క్షారగుణం చూపుతుంది. అయితే ఆ చర్య తీవ్రత కిందికి పోయేకొద్దీ పెరుగుతుంది: లిథియం నీటిమీద తేలుతూ నింపాదిగా బుసబుసమంటుంది, సోడియం కరిగి చిన్న బంతిలా మారి నీటిమీద పరుగులు తీస్తుంది, పొటాషియం లేత ఊదారంగు మంటతో అంటుకుంటుంది. ద్రవీభవన స్థానాలు చూస్తే లిథియం సుమారు 180 డిగ్రీలు, సోడియం 98, పొటాషియం 63, రుబీడియం 39, సీజియం 28 డిగ్రీల సెల్సియస్. అంటే వేసవి మధ్యాహ్నం మీ ఊళ్లో సీజియం ఘనరూపంలో ఉండదు. (ఇవేవీ ఇంట్లో చేసి చూడవలసిన ప్రయోగాలు కావు. బడి ప్రయోగశాలలో కూడా ఉపాధ్యాయులు చాలా చిన్న సోడియం ముక్కకు మించి వాడరు, అది కూడా తగిన జాగ్రత్తలతోనే.) ఈ వరసలో ఒక చిన్న తిరకాసు కూడా ఉంది. సాంద్రత కిందికి పోయేకొద్దీ పెరగాలి గదా, కాని పొటాషియం సాంద్రత 0.86, దానికి పైనున్న సోడియంది 0.97. ఇటువంటి మినహాయింపులను దాచకుండా చూపించండి. ధర్మాలు మొత్తం మీద ఒక దిశలో మారతాయే తప్ప ప్రతి అంకె గీత గీసినట్టు నడవదని వాడికి అప్పుడే అర్థమవుతుంది.

ఇంత పోలికకూ కారణం చిన్నదే. ఈ లోహాలన్నింటిలోనూ చిట్టచివరి కక్ష్యలో ఉండేది ఒకే ఒక ఎలక్ట్రాన్. రసాయన చర్యల్లో పాల్గొనేది అదే కాబట్టి, లోపల ఎన్ని కక్ష్యలున్నా బయటి ప్రవర్తన ఒకే తీరుగా ఉంటుంది. కిందికి పోయేకొద్దీ ఆ ఎలక్ట్రాన్ కేంద్రకానికి దూరమవుతుంది, నడుమనున్న ఎలక్ట్రాన్లు కేంద్రకపు ఆకర్షణను కొంత అడ్డుకుంటాయి. అందుకే పొటాషియం తన ఎలక్ట్రాన్‌ను లిథియం కన్నా సులువుగా వదులుకుంటుంది. మీ అబ్బాయి పుస్తకంలో అయనీకరణ శక్తి, పరమాణు వ్యాసార్ధం అన్న శీర్షికల కింద వచ్చేదంతా ఈ రెండు వాక్యాల విస్తరణే.

అయితే నేను ఈ కారణాన్ని తరువాత చెప్పడానికి ఒక కారణం ఉంది. ఎలక్ట్రాన్‌ను కనుగొన్నది 1897లో. మూలకాలను వాటి గుణాలను బట్టి సరిగ్గా అమర్చింది అంతకు దాదాపు ముప్పై ఏళ్ల ముందు. పరమాణువు లోపల ఏముందో తెలియని రోజుల్లో, కేవలం గుణాలను, భారాలను పక్కపక్కన పెట్టుకుని ఆ పని చేశారు. మన పాఠ్యపుస్తకాలు ఎలక్ట్రాన్ విన్యాసాన్ని (ఎలక్ట్రాన్లు కక్ష్యల్లో సర్దుకున్న తీరును) ముందే చెప్పి, దాని నుంచి గుణాలను రాబట్టడం వల్ల పాఠం పొట్టిదవుతుంది, నిజమే. కాని పిల్లవాడికి గుణమే ముందు తెలియకపోతే కారణం దేనికి కారణమో తెలియదు.

ఆ పాత దారిలో కొంత దూరం మీ అబ్బాయిని నడిపించవచ్చు, కాగితం, పెన్సిలు ఉంటే చాలు. 1829లో జర్మన్ శాస్త్రవేత్త డాబరీనర్ చెప్పిన త్రికాలను (మూడేసి మూలకాల గుంపులను) లెక్క కట్టమనండి. లిథియం పరమాణు భారం 7, పొటాషియం 39; వాటి సగటు 23, అదే సోడియం. క్లోరిన్ 35.5, అయోడిన్ 127, సగటు 81.25, మధ్యనున్న బ్రోమిన్ 80. సరిగ్గా సరిపోలేదు, అయినా దగ్గరగా ఉంది. ఇంగ్లండ్‌కు చెందిన న్యూలాండ్స్ 1865లో ప్రతి ఎనిమిదో మూలకం మొదటి దాన్ని పోలి ఉంటుందని గమనించి, సంగీతంలోని స్వరాష్టకంతో పోల్చాడు. కాల్షియం దాకా బాగానే నడిచిన ఆ నియమం అక్కడి నుంచి తడబడి, కోబాల్ట్, నికెల్ లోహాలను క్లోరిన్, బ్రోమిన్ వంటి హాలోజన్ల సరసన కూర్చోబెట్టింది. లండన్ కెమికల్ సొసైటీ సమావేశంలో ఒక సభ్యుడు, మూలకాలను అక్షరక్రమంలో పేర్చి చూశారా అని ఎద్దేవా చేశాడు. ఆ ఎగతాళి అన్యాయమే అయినా, మూలకాలను ఒక్క గడి కూడా వదలకుండా వరసగా నింపుకుంటూ పోవడమే న్యూలాండ్స్ చేసిన పొరపాటని నా అభిప్రాయం.

మెండలీఫ్ గొప్పతనం అక్కడే తేలుతుంది. 1869లో ఆయన చేతిలో ఉన్నవి 63 మూలకాలు. భారాల క్రమం ఒక మాట, గుణాల పోలిక మరో మాట చెప్పినచోట ఆయన గుణాల పక్షం వహించాడు. ఇండియం కథ పాఠ్యపుస్తకాల్లో సాధారణంగా కనిపించదు గాని, అంతకన్నా మంచి ఉదాహరణ లేదు. 1863లో కనుగొన్న ఈ లోహం జింకు ఖనిజంలో దొరికింది కాబట్టి దీనికీ జింకు లాగే సంయోజకత రెండని అనుకున్నారు. దాని తుల్యభారం (సంయోజకతతో గుణిస్తే పరమాణు భారాన్నిచ్చే సంఖ్య) సుమారు 38. సంయోజకత రెండైతే పరమాణు భారం 76 అవుతుంది. కాని 75 దగ్గర ఆర్సెనిక్, 79 దగ్గర సెలీనియం ఉన్నాయి, రెండూ తమ తమ గ్రూపుల్లో చక్కగా అమరినవి, వాటి నడుమ ఒక లోహానికి చోటు లేదు. మెండలీఫ్ సంయోజకత మూడని తీసుకున్నాడు. అప్పుడు భారం 114 దాకా వస్తుంది. 112 దగ్గర కాడ్మియం, 118 దగ్గర తగరం, ఆ రెండింటి మధ్య, అల్యూమినియం ఉన్న గ్రూపులో, ఒక గడి ఖాళీగానే ఉంది. ఈ రోజు ఇండియం పరమాణు భారం 114.8. యురేనియం భారాన్ని కూడా ఆయన ఇలాగే 120 నుంచి 240కి పెంచాడు. ఇప్పటి విలువ 238. మీ అబ్బాయి చేత ఇండియం లెక్కను స్వయంగా చేయించండి. పట్టికలో ఒక మూలకం స్థానాన్ని చుట్టుపక్కల మూలకాలన్నీ కలిసి నిర్ణయిస్తాయన్న సంగతి దానితో వాడికి ఎప్పటికీ గుర్తుండిపోతుంది.

ఆయన వదిలిన ఖాళీల సంగతి మీకు తెలిసే ఉంటుంది. అల్యూమినియం కింద రావలసిన మూలకానికి భారం సుమారు 68, సాంద్రత 5.9 ఉంటాయని ముందే రాశాడు. 1875లో ఫ్రాన్స్‌లో బ్వాబోద్రాన్ గాలియంను కనుగొని సాంద్రత 4.7 అని ప్రకటిస్తే, నమూనాను ఇంకా శుద్ధి చేసి చూడమని రష్యా నుంచి మెండలీఫ్ రాశాడు. శుద్ధి చేస్తే 5.9 వచ్చింది. 1879లో స్కాండియం, 1886లో జెర్మేనియం కూడా ఆయన చెప్పిన గుణాలతోనే బయటపడ్డాయి. అలాగని ఆయన జోస్యాలన్నీ ఫలించలేదు. హైడ్రోజన్ కన్నా తేలికైన మూలకాలు ఉన్నాయని కూడా తరువాతి కాలంలో ఊహించాడు, అటువంటివి లేవు. దాదాపు అదే సమయంలో జర్మనీలో లోథర్ మేయర్ పరమాణు ఘనపరిమాణాల ఆధారంగా ఇటువంటి క్రమాన్నే చేరుకున్నాడు. రాయల్ సొసైటీ 1882లో డేవీ పతకాన్ని ఇద్దరికీ కలిపి ఇచ్చింది. మన పరీక్ష పేపర్లు మేయర్‌ను దాదాపుగా మరిచిపోయాయి.

ఇప్పుడు టెల్లూరియం సంగతి. దాని పరమాణు భారం 127.6, అయోడిన్‌ది 126.9. భారాల ప్రకారం అయోడిన్ ముందు రావాలి. అలా పెడితే క్లోరిన్, బ్రోమిన్‌ల లాగే సోడియంతో కలిసి లవణాన్నిచ్చే అయోడిన్ పోయి గంధకం, సెలీనియంల కింద పడుతుంది, గంధకాన్ని పోలిన టెల్లూరియం హాలోజన్లలో చేరుతుంది. ఇది అసంబద్ధమని మెండలీఫ్ రెంటినీ తారుమారు చేశాడు. టెల్లూరియం భారాన్ని సరిగా కొలవలేదని, ఏదో ఒక రోజు అది తగ్గుతుందని నమ్మాడు. ఎన్నిసార్లు కొలిచినా అది తగ్గలేదు. ఆయన చేసిన అమరిక సరైనది, చెప్పిన కారణం మాత్రం తప్పు.

సరైన కారణం 1913లో తెలిసింది. ఇంగ్లండ్‌లో హెన్రీ మోస్లే ఒక్కొక్క మూలకాన్ని ఎలక్ట్రాన్లతో తాడించి, వెలువడే ఎక్స్‌కిరణాల పౌనఃపున్యాన్ని కొలిచాడు. ఆ పౌనఃపున్యాల వర్గమూలాలు ఒక మూలకం నుంచి తరువాతి దానికి సమానమైన మెట్లలో పెరిగాయి. ఆ మెట్ల లెక్కే పరమాణు సంఖ్య, అంటే కేంద్రకంలోని ప్రోటాన్ల సంఖ్య. టెల్లూరియంకు 52, అయోడిన్‌కు 53. వాదం అక్కడితో ముగిసింది. మరి 52 ప్రోటాన్లున్నది 53 ఉన్నదాని కన్నా ఎందుకు బరువైంది? ప్రకృతిలో అయోడిన్ దాదాపుగా 127 ద్రవ్యరాశి సంఖ్యగల ఒకే ఐసోటోపు (ఒకే మూలకంలో బరువు తేడాగల పరమాణు రకం) రూపంలో దొరుకుతుంది. టెల్లూరియంలో ఎక్కువ భాగం 128, 130 ద్రవ్యరాశి సంఖ్యలు గల బరువైన ఐసోటోపులు, కాబట్టి సగటు పెరిగింది. ఆర్గాన్ (39.95), పొటాషియం (39.10) జంటలోనూ ఇదే తలకిందుల క్రమం కనిపిస్తుంది, దాని కారణం మరీ ముచ్చటైనది: మన వాతావరణంలోని ఆర్గాన్‌లో 99 శాతానికి పైగా, భూమి రాళ్లలోని రేడియోధార్మిక పొటాషియం క్షయం చెందగా పుట్టిన 40 ద్రవ్యరాశి సంఖ్యగల ఐసోటోపే. మోస్లే మొదటి ప్రపంచ యుద్ధంలో 1915 ఆగస్టులో గల్లిపోలి వద్ద మరణించాడు. అప్పటికి ఆయన వయసు 27 ఏళ్లు.

ఆర్గాన్ పేరెత్తాం కాబట్టి మీ సున్నా గ్రూపు గురించి కూడా చెప్పాలి. మెండలీఫ్ మొదటి పట్టికలో ఈ గ్రూపు లేదు, ఈ వాయువులు సాధారణంగా వేటితోనూ కలవవు కాబట్టి అప్పటికి ఎవరి కంటా పడలేదు. ఒకటి మాత్రం మన గడ్డ మీది నుంచే తొలి ఆనవాలు చూపింది. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం మన కోస్తా మీదుగా సాగినప్పుడు, ఫ్రెంచి శాస్త్రవేత్త జాన్సెన్ గుంటూరులోనూ, మద్రాసు వేధశాలకు చెందిన పోగ్సన్ మచిలీపట్నంలోనూ సూర్యుడి అంచున లేచే జ్వాలల వర్ణపటాన్ని పరిశీలించారు. ఆ వర్ణపటంలోని ఒక పసుపు గీత సోడియం గీతతో కలవదని తేలాక, దాన్ని సూర్యుడిలోని కొత్త మూలకానికి ఆపాదించి ఇంగ్లండ్ ఖగోళ శాస్త్రవేత్త లాకియర్ హీలియం అన్నాడు. భూమి మీద హీలియంను రామ్‌సే 1895లో వేరుచేశాడు. అంతకు ముందు ఏడాదే రాలేతో కలిసి ఆర్గాన్‌ను కనుగొన్నాడు. తరువాత నియాన్, క్రిప్టాన్, జినాన్ బయటపడ్డాయి. ఒక గ్రూపు మొత్తం కొత్తగా వచ్చి చేరినా, పాత మూలకాల్లో ఒక్కటీ తన గ్రూపు మారలేదు.

ఇప్పటి పట్టికలో వరసకు 2, 8, 8, 18, 18, 32, 32 చొప్పున ఏడు పీరియడ్లు (అడ్డం వరసలు), మొత్తం 118 మూలకాలు. 113, 115, 117, 118 మూలకాలకు 2016లో పేర్లు ఖరారు కావడంతో ఏడో పీరియడ్ కూడా నిండింది. ఈ సంఖ్యలు ఎలక్ట్రాన్ ఉపకక్ష్యల్లో ఇమడగల 2, 6, 10, 14 ఎలక్ట్రాన్ల నుంచి వచ్చినవని పుస్తకంలో ఉంటుంది, దానికి నేను కలపవలసింది లేదు.

మీ అబ్బాయి రెండు పుస్తకాలు చదివితే కొన్నిచోట్ల అవి పొసగవు. హైడ్రోజన్‌ను ఒకరు మొదటి గ్రూపు మీద ఉంచితే మరొకరు విడిగా ఉంచుతారు. దానికి ఉన్నది ఒకే ఎలక్ట్రాన్, ఆ లెక్కన మొదటి గ్రూపులోని క్షార లోహాలకు చుట్టం. ఒక ఎలక్ట్రాన్‌ను చేర్చుకోనూ గలదు, ఆ లెక్కన హాలోజన్లకు చుట్టం. కాని అది లోహమూ కాదు, హాలోజన్ అంత చురుకైనదీ కాదు. హీలియం సంగతి ఇంకా ఆసక్తికరం. దాని ఎలక్ట్రాన్ విన్యాసాన్ని మాత్రమే చూస్తే బెరీలియం, మెగ్నీషియంల తల మీద, రెండో గ్రూపులో ఉండాలి. జడత్వాన్ని చూసి 18వ గ్రూపులో పెట్టారు. అంటే ఈనాటికీ విన్యాసానికి, గుణానికి పేచీ వస్తే నెగ్గేది గుణమే. జింకును పరివర్తన మూలకమనాలా వద్దా అన్నదీ ఇటువంటిదే. అది డి బ్లాకులో, అంటే నడుమనున్న పది నిలువు వరసల్లో ఉంది, కాని పరమాణువులో గాని అయాన్‌లో గాని డి ఉపకక్ష్య అసంపూర్ణంగా ఉండాలన్న ఐయూపీఏసీ నిర్వచనం దానికి వర్తించదు. ఇట్రియం కింద లాంథనం ఉండాలా, లుటీషియం ఉండాలా అన్నదానిపై శాస్త్రవేత్తలు ఇప్పటికీ వాదించుకుంటున్నారు. పరీక్షలో మాత్రం పాఠ్యపుస్తకం ఎలా చెబితే అలాగే రాయమనండి. మూల్యాంకనం చేసేవారి దగ్గర ఉండేది ఆ పుస్తకమే.

చదివించే తీరు విషయానికి వస్తే, మొదటి ఇరవై మూలకాల పేర్లు, సంఖ్యలు కంఠస్థం చేయడంలో తప్పు లేదు, అవి నోటికి రావాలి. మిగతా తొంభై ఎనిమిదిని వల్లె వేయించడం మాన్పించండి. దానికి బదులు మూడో పీరియడ్‌ను అడ్డంగా తీసుకుని, ఒక్కొక్క మూలకం ఒక పరమాణువుకు గరిష్ఠంగా ఎన్ని ఆక్సిజన్ పరమాణువులతో కలుస్తుందో రాయించండి: సోడియంకు అర, మెగ్నీషియంకు ఒకటి, అల్యూమినియంకు ఒకటిన్నర, సిలికాన్‌కు రెండు, భాస్వరానికి రెండున్నర, గంధకానికి మూడు, క్లోరిన్‌కు మూడున్నర. మెండలీఫ్‌కు గ్రూపులను చూపించిన మెట్లు ఇవే. ఇదే వరసలో సోడియం ఆక్సైడ్ తీవ్రమైన క్షారం, అల్యూమినియం ఆక్సైడ్ ఆమ్లాలతోనూ క్షారాలతోనూ కలిసే ద్విస్వభావి, గంధకం ఆక్సైడ్ నీటిలో సల్ఫ్యూరిక్ ఆమ్లాన్నిస్తుంది. లోహం నుంచి అలోహానికి మార్పు ఎలా జరుగుతుందో ఈ ఏడు పేర్లలో కనిపిస్తుంది.

ఇంట్లో చూపించదగ్గది కూడా ఒకటుంది. పసుపులో సున్నం కలిపితే ఎర్రబడి పారాణి అవుతుందని వాడికి తెలుసు. కాల్షియం రెండో గ్రూపు లోహం, సున్నం దాని క్షారం, ఆ ఎరుపు క్షారానికి గుర్తు. అదే పసుపు నీళ్లలో నిమ్మరసం పిండితే రంగు మారదు. మెగ్నీషియం కూడా అదే గ్రూపుది కదా, మందుల షాపులో దొరికే మిల్క్ ఆఫ్ మెగ్నీషియా పసుపును ఏం చేస్తుందో ముందుగా ఊహించి నోటుబుక్కులో రాసుకుని, ఆ తరువాత ఒక చుక్క వేసి చూడమనండి.

గోడకు తగిలించే పట్టిక కొనేటట్టయితే, రంగురంగుల బొమ్మలున్న దాని కన్నా ప్రతి గడిలో పరమాణు సంఖ్య, భారం, సంయోజకత, ద్రవీభవన స్థానం ముద్రించినది ఎంచుకోండి. గ్రూపు సంఖ్యలు 1 నుంచి 18 వరకు, వాటి పక్కన పాత ఏ, బీ పేర్లు కూడా ఉన్న పట్టిక దొరికితే మీ ఇద్దరికీ పనికొస్తుంది.